అగ్గి పెట్టని బొమ్మ

నా చిన్నప్పుడు మెట్టుగూడలోని మా ఇంటి నుంచి ఒక మనిషి మాయమయ్యాడు. మా నాన్నకు తమ్ముడు, నాకు చిన్నాయన. రెజిమెంటల్ బజార్‌లో దర్జీ. ఒక మధ్యాహ్నం, కుట్టిన బట్టలు కార్ఖానా బస్తీలో ఇచ్చి వస్తానని సైకిలెక్కి వెళ్ళాడు. బట్టలైతే చేరాయి. మనిషి తిరిగి రాలేదు, సైకిలూ దొరకలేదు.

నానమ్మ కొంగు పట్టుకొని నేనూ ఠాణాకు వెళ్ళేవాణ్ణి. అక్కడి జమేదారు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, "వయసు పోరడు, యాడనో పోరిని చూసుకున్నడు. పైసలైపోతే గాడే వస్తడు, పో ముసలమ్మా" అనేవాడు. ఒక్కనాడూ కార్ఖానా దాకా పోయి అడిగిన పాపాన పోలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఏళ్ళు గడిచాయి. మా మేనత్తకు సంబంధం కుదిరింది. అప్పుడు పెళ్ళివారి పెద్ద ఒక మెలిక పెట్టాడు. మనిషి ఉన్నాడో పోయాడో తెలియని ఇంట్లో పసుపు దంచరాదట. ఇలాంటప్పుడు మా వాళ్ళలో దర్భగడ్డితో బొమ్మ కట్టి, కనబడనివాడి పేరు పెట్టి, కాల్చి, దినాలు చేస్తారు. దాంతో ఆ మనిషి చచ్చినట్టే. అందరూ ఒప్పుకున్నారు. నానమ్మను ఎవరూ అడగలేదు.

ఆ ఉదయం వాకిట్లో బొమ్మ కట్టి, చిన్నాయన చొక్కా తొడిగారు. తన కొలతకు తనే కుట్టుకున్న చొక్కా ఆ గడ్డికి వదులైంది. పాడె మీదకు ఎత్తబోతుంటే నానమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"వీడు ఎట్ల సచ్చిండు?"

బొమ్మను ఎత్తబోయినవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు.

"లారీ గుద్దిందా, ఎవడన్నా పొడిసిండా, నీళ్ళల్ల పడ్డడా? ఒక్కడు చెప్పుండ్రి. నేనే అగ్గి పెడ్త."

"గిప్పుడు గవన్నీ ఎందుకక్కా? పిల్ల పెండ్లి ఆగుతది, జెర సోంచాయించు" అన్నాడు పెళ్ళివారి పెద్ద.

"నీకు పెండ్లి బువ్వకు తొందర. గా జమేదారుకు సుత గిదే తొందర" అని నానమ్మ చొక్కా విప్పేసి, దర్భ ముడులు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టింది.

నాకు భయం వేసింది నానమ్మను చూసి కాదు, మేనత్తను చూసి. చెడిపోయే సంబంధం ఆమెది. గడప దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత వచ్చి బొమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని, అటువైపు ముడులు తనూ విప్పసాగింది.

పెళ్ళివారు మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయారు. మేనత్తకు మళ్ళీ సంబంధం రాలేదు. ఆ ఇంట్లోనే ముసలిదై పోయింది. నానమ్మను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. ఆడినా నా చెవిన పడలేదు. నానమ్మ ఎదురుచూస్తూ పోయిందని చెప్పను. ఠాణావాళ్ళతో పోట్లాడుతూ పోయింది.

నేను బడికి పోయింది తక్కువ. చట్టం పుస్తకాలు నా అంతట నేనే కూడబలుక్కొని చదివాను. కొన్నేళ్ళు జాడ లేకపోతే చచ్చినట్టే అనుకోవచ్చని వాటిలో ఉంది. అనుకునేవాళ్ళు అనుకోండి. చిన్నాయన బతికే ఉన్నాడని నేనూ అనను. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు మూసేయడం మాత్రం నాకు చేతకాదు. అందుకే ఇప్పటికీ ఠాణాకు వెళ్తాను.

మొన్న నా మనవడి వయసున్న ఎస్సై, "ఇంకెందుకు తాతా, ఇంట్ల రెస్ట్ తీస్కో" అన్నాడు.

"ఎట్ల పోయిండో చెప్పు బిడ్డా, పోయి పండుకుంట" అన్నాను.

అతను కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.