పెద్దమ్మ ఉపవాసాలూ, నేను మానేసిన సబ్జెక్టూ

ఫోనులో రింగ్‌టోన్ మార్చడం తెలిస్తే చాలు, మేధావి అనిపించుకునే ఆ రోజుల్లో నేను గుంటూరు పక్క ఒక కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. మా కాలేజీ నుంచి ఏటా ఒక్కణ్ణి ఒక సెమిస్టరు జర్మనీలో చదవడానికి పంపేవారు. ఆ ఒక్కడూ నేనేనని దేవుడు నిర్ణయించాడని నాకు గట్టి నమ్మకం (ఆయన్ని అడిగినట్టు మాత్రం గుర్తులేదు). నోటుబుక్కులో స్కేలుతో గళ్లు గీసి, ఇక్కడ ఏ సబ్జెక్టులో ఏ గ్రేడు రావాలో, అక్కడికెళ్లి ఏం చదవాలో పరీక్షలకు నాలుగు నెలల ముందే రాసేసుకున్నాను. మేమే ఎంచుకునే సబ్జెక్టు కింద రిఫ్రిజిరేషన్ అని రాసి, దాని ఎదుట 'ఎ' వేసి, చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచి, ఆ సబ్జెక్టు పేరు చెప్పి, ప్రార్థన చేయమని సంఘాన్ని అడిగాను. అదేం చదువో ఎవరికీ అంతుపట్టలేదు, మిరగాయల పెద్దమ్మకు తప్ప. ఆవిడ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేది. బంధుత్వం లేకపోయినా మా అందరికీ పెద్దమ్మే. "అంటే మా కోల్డ్ స్టోరేజీ చదువేగా అబ్బాయ్?" అంది. అవునన్నాను. "అయితే నాకు తెలిసిందే. పరీక్షలయ్యేదాకా శుక్కురారం శుక్కురారం ఉపాసముంటాలే."

రెండు వారాలకు రిఫ్రిజిరేషన్‌లో మొదటి టెస్టు పెట్టారు. ఇరవైకి మూడు వచ్చాయి. నా గళ్లన్నీ కూలిపోయేలా కనిపించాయి. ఆ సాయంత్రమే ఫారం నింపి, సులువుగా మార్కులు పడే మేనేజ్‌మెంట్‌కు మారిపోయాను. పెదకాకాని నుంచి వచ్చే నా స్నేహితుణ్ణి (మేం 'కాకాని' అనే పిలిచేవాళ్లం) నువ్వూ మారరా అంటే, "దానికి మళ్లీ ఫారమొకటా? ఎవడు నింపుతాడ్లే," అన్నాడు.

పెద్దమ్మకు చెప్పాలనే మందిరానికి వెళ్లాను. అప్పటికే ఆవిడ మోకాళ్లూని, "ప్రభువా, ఆ గొట్టాల్లో అమ్మోనియా ఎట్టా తిరుగుద్దో ఆ బిడ్డకు చూపించయ్యా," అని బిగ్గరగా ప్రార్థిస్తోంది. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను. మార్చి ఎండలో, ఆ మిరప ఘాటులో పనిచేస్తూ, పెద్దమ్మ శుక్రవారాలు మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఓ శుక్రవారం సాయంత్రం గోడ పట్టుకుని మందిరం మెట్లెక్కుతుంటే చూసి, చెయ్యి అందించాను. "నాదేముందిలే, నువ్వెళ్లి చదువుకో," అంది. నేను ఇంటికెళ్లి, గోంగూర పచ్చడితో రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.

ఫలితాలొచ్చాయి. మేనేజ్‌మెంట్‌లో నాకు 'ఎ'. పుస్తకం అట్టయినా నలగని కాకానికి రిఫ్రిజిరేషన్‌లో 'ఎ'. "ఏంటోరా, పేపరు చూడగానే ఆ గొట్టాలన్నీ కళ్లముందు తిరిగినయ్," అన్నాడు. జర్మనీ విషయం చూసే మాస్టారు నన్ను పిలిచి, "అక్కడి సబ్జెక్టులకు ఇక్కడ రిఫ్రిజిరేషన్ చదివుండాలని దరఖాస్తు ఫారం అడుగున రాసుంది, చూడలేదా?" అన్నారు. చూడలేదు, గళ్లు గీసుకుంటున్నాను. ఆ సీటు కాకానికి వెళ్లింది. (పోటీకి నాతో ఎవరో ఒకరు ఉండాలని అతని దరఖాస్తు నింపింది నేనే.)

ఆ ఆదివారం లేచి అంతా చెప్పేశాను. ఎవరూ ఆమేన్ అనలేదు. పాస్టరుగారు పాటల పుస్తకంలో చాలాసేపు ఏదో వెతికారు. బయటికొచ్చాక పెద్దమ్మ అడిగింది.

"అయితే నా ఉపాసాలు ఎవురికి పోయినయ్యి?"

"మా కాకానికి."

"మన సంఘమేనా?"

"కాదు పెద్దమ్మా. వాళ్లు గుడికెళ్తారు."

"దేవుడు తెలీకుండా ఇచ్చాడా ఏంది? ఆ దేశంలో ఏం తింటాడో పిల్లోడు."

మరుసటి ఆదివారం రెండు కిలోల కారం పొట్లం నా చేతుల్లో పెట్టింది. అది ఒళ్లో పెట్టుకుని పెదకాకాని బస్సెక్కాను. కళ్లు తుడుచుకుంటుంటే కండక్టరు చూశాడు. కారమండీ అన్నాను. అదీ అబద్ధమే.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. ఎర్ర సున్నాలో 'ఎ' అలాగే ఉంది, ఆ గీతలు గీసినవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, తల మాత్రం ఎత్తలేను. నీకోసం ప్రార్థిస్తామని ఎవరైనా అంటే, వాళ్లు అనుకుంటున్నచోటే నేనున్నానా లేదా అని ఒకసారి చూసుకుని, ఆ తరవాతే ఆమేన్ అంటాను.