కరగని గొట్టం

నిన్న మనవరాలి మోకాలి గాయానికి దూదితో స్పిరిటు అద్దుతుంటే, ఆ వాసనకు రాజమ్మ సిస్టర్ కళ్ళ ముందు నిలిచింది. హోసూరులో మేము పోయే చిన్న ఆసుపత్రిలో నర్సు ఆమె. ఆమె గురించి ఎప్పుడో రాయవలసింది. కానీ యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఆ అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. అంత పట్టుదలగా ఎందుకు దిద్దించిందో చెప్పాలంటే నా తప్పు చెప్పాలి.

తొంభైలలో నా చివరి కాన్పు ఆపరేషనుతో అయింది. కుట్లు విప్పడానికి ఎప్పుడు రావాలని అడిగాను.

"విప్పేదేం లేదు లక్ష్మమ్మా. అది కరిగే దారం. లోపల్లోపలే కరిగిపోతాది" అంది సిస్టర్.

నిజంగానే కరిగిపోయింది. డాక్టర్లు ఏది పెట్టినా ఒళ్ళే కరిగించుకుంటుందని నాకు నాటుకుపోయింది.

కొన్నేళ్ళకు అక్కడే నా మూత్రపిండంలో రాయి తీసి, దారి మూసుకుపోకుండా లోపల సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. అప్పుడు సిస్టర్ సెలవులో ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఎవరో చేతికి చీటీ ఇచ్చారు. దాన్ని రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచి, దగ్గరి తళి ఊళ్ళో గులాబీ తోట కూలికి పోయాను. రెండేళ్ళు గడిచాయి. నడుము నొప్పి తోట పని వల్లే అనుకున్నాను. మూత్రంలో రక్తం పడ్డాక గాని ఆసుపత్రికి పోలేదు.

సిస్టర్ ఆ చీటీ చదివి నా వైపు తిరిగింది.

"ఆరు వారాలకు వచ్చి తీయించుకోమని రాసుండాదే! ఇన్నాళ్ళు ఏం చేస్తా ఉంటివి?"

"కరిగిపోయింటాది అనుకున్నాను సిస్టరమ్మా. నువ్వే కదా చెప్పినావు."

ఆమె చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

ఆపరేషను చేసి తీశారు. ఇంటికి పంపే రోజు సిస్టర్ ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నా గొట్టం. ఉప్పునీళ్ళ బోరు పైపుకు సున్నం పట్టినట్టు, చుట్టూ రాయి పేరుకుని వేలంత లావైంది.

"ఆ దారమూ ప్లాస్టిక్ జాతిదే. ఒంట్లో చెమ్మకు తునకలు తునకలై, ఊపిరిలోనూ ఒంటేలులోనూ పోయే మాదిరి చేసినారు. దీన్ని ఒళ్ళు కరిగించలేదు, బయటికి తొయ్యలేదు. ఊరికే పెట్టుకుని రాయి కట్టుకుంటాది. ఆ పొద్దు దారం సంగతి చెప్పి, ఇది చెప్పకపోతిని. తప్పులో సగం నాది" అంది. వెంటనే, "ఇంకెవురికీ కరుగుతాదని చెప్పలేదు గదా?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది మునెమ్మ. గొట్టం పెట్టిన ఆనాడు నా పక్క మంచంలో ఉన్న, కల్లావి ఊరి గొర్రెల కాపరి. ఆమెకూ అదే గొట్టం పెట్టారు. "మళ్ళా ఇంత దూరం రావాల్నా అక్కా?" అని అడిగితే, "వద్దు, అదే కరిగిపోతాది" అని చెప్పి పంపింది నేనే.

సిస్టర్ తిట్టలేదు. రిజిస్టరు తీసింది. మునెమ్మ పేరు పక్కన ఊరి పేరు తప్ప ఏమీ లేదు. "నేనే పోతాను" అన్నాను. "ఒళ్ళు పచ్చిగా ఉండాది, జాగ్రత్త. సీసా తీసుకుపో. నీ మాట కంటే దీన్నే నమ్ముతాది" అంది. ఆ తరువాత ఆమె ఏ రోగినీ చీటీ చదివి వినిపించకుండా, తిరిగి చెప్పించుకోకుండా పంపలేదు. ఇప్పుడు మా వీధిలో ఆ పని నాది.

మరునాటి ఉదయం తొలి బస్సుకు కృష్ణగిరి పోయి, అక్కడి నుంచి రెండు బస్సులు మారి కల్లావి చేరాను. మునెమ్మ నడుముకు చెయ్యి ఆనించుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఏమక్కా, ఇంత దూరం వచ్చినావు! నీ గొట్టం కరిగిపోయిందా?" అని నవ్వింది.

సీసా ఆమె చేతికిచ్చాను.

"కరగలేదు పాపా. చీర మార్చుకో, బస్సుండాది."