వాగు మీద నేను వేసిన మంట

మొన్న బుధవారం మా మేనత్త పోయింది. కబురంది నేను ఖమ్మం నుంచి వెళ్లేసరికి అంతా అయిపోయింది. వచ్చినవాళ్లు ఆమె నోటి దురుసును తలుచుకుని నవ్వుతూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఒక్క రోజే గుర్తుకొస్తోంది.

జూలూరుపాడు దాటాక అడవి అంచున మా ఊరు. మేనత్త వాగులో చేపలు పట్టి అమ్మి నలుగురు పిల్లలను సాకింది. వల వేసే ముందు దోసెడు నీళ్లు తాగి చూసేది. "నీళ్లు చెడితే చేప ముందుగాల చెప్తది, మనమే ఇనం" అనేది.

కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో వంతెన మీద ట్యాంకర్ బోల్తా పడింది. నల్ల నూనె వాగంతా పరుచుకుంది. కింది ఊరివాళ్లు తాగేది ఆ వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమల నీళ్లే. నూనె అక్కడికి చేరేలోగా కాల్చేయమన్నాడు ట్యాంకర్ యజమాని మనిషి. అప్పట్లో ఊళ్లో పంచాయతీ గుమాస్తాగా ఉన్న నాకూ అదే సబబనిపించింది.

మేనత్త అడ్డం నిలబడింది.

"కాలిస్తే ఏడికి పోతదిరా? కొంత పొగైతది, మిగిలింది అడుక్కు దిగుతది. చేపలు గుడ్లు పెట్టేది ఆడనే."

"మరి కిందోళ్లు ఏం తాగాలె అత్తా?"

"గడ్డిమోపులు అడ్డమేసి, బిందెలతోని తోడుదాం. ఒక్క పూట ఆగు."

మోపులు సగం దాకా వేశామో లేదో గాలి లేచింది. నూనె వాటిని దాటి జారసాగింది. ఇక చెలమలు దక్కవనుకున్నాను. కిరోసిన్ గుడ్డ అంటించి విసిరాను.

మంట చెట్లంత ఎత్తు లేచింది. నల్లటి పొగ వాగొడ్డున ఉన్న గూడెం వైపు తిరిగింది. మేనత్త తడి చీరకొంగు ముక్కుకు కట్టుకుని పొగలోకే పరుగెత్తింది. ముసలివాళ్లనూ పసివాళ్లనూ గుట్ట మీదికి తోలింది. ఎవరి ప్రాణమూ పోలేదు. చెలమలు దక్కాయి. కానీ చేపలు తేలాయి, చేల మీద మసి పడింది. ఆనాడు పట్టుకున్న దగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు.

తెల్లారి వెళ్లి, "తప్పయింది అత్తా" అన్నాను.

"నీకు భయమైంది. నాకు గాలేదా? ఏడ్వకు, గంప పట్టు."

మోకాలి లోతు నీళ్లలో కాళ్లతో తడిమి, అడుగున అంటుకున్న తారు ముద్దలను ఒక్కొక్కటే పెరికి గంపలో వేసింది. ఎండెక్కాక అలసిపోయి, గట్టు ఎక్కించమని మోచేతి దాకా నల్లబడ్డ చేయి, గట్టు మీద గంప పట్టుకున్న నా వైపు చాచింది.