దొప్ప మడవడం తెలియని చుట్టం

నా జన్మలో ఒక్క మనిషిని చంపబోయాను. అది కూడా మర్యాదతో. కత్తి పట్టలేదు, కర్ర ఎత్తలేదు, గట్టిగా ఒక మాటైనా అనలేదు. "తాగు బిడ్డా" అన్నాను, అంతే. ఆ కథే చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నన్ను చూసే కదా.

భద్రాచలం పోయే రోడ్డు విడిచి అడవిలోకి మళ్లితే మా గూడెం వస్తుంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. పలక పట్టింది ఈ మధ్యనే, జుట్టంతా నెరిశాక. ఒక ఎండాకాలం ఖమ్మం నుంచి కాలేజీ పిల్లలు గోడల మీద రాతలు రాయడానికి వచ్చారు. గోడ ఎవరిస్తారని వాళ్ల సారు అడిగితే అందరికంటే ముందు నేనే ఎగబడ్డాను. ఏం రాశారో అడగలేదు. అడిగితే చదువు రాదని బయటపడుతుంది కదా. నడుం మీద చేతులు పెట్టుకుని, మండలాఫీసరు లాగా అటు నుంచి ఇటు చూసి, "మంచిగున్నది" అన్నాను. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా, అక్కడ రాసింది "మద్యం మానండి, మనిషిగా బతకండి" అని. సరిగ్గా ఆ రాత కింద చాప పరిచి ఆ పిల్లలకే కల్లు పోసిన మహాతల్లిని నేను.

ఏం చేయను మరి? రంగు అయిపోయిందని సారు కొత్తగూడెం పోయాడు. పిల్లలు ఎండకు వంకాయల్లా వాడిపోయారు. నా గోడకు రంగేసిన వాళ్లను ఒట్టి నోటితో పంపితే చనిపోయిన మా పెద్దలు పైనుంచి చూస్తూ ఊరుకుంటారా? ఇంట్లో రెండు కుండల జీలుగు చెట్టు కల్లు ఉంది. ఒకటి పొద్దున దించింది, కొబ్బరినీళ్లలా తియ్యగా ఉంటుంది. రెండోది నిన్నటిది, పులిసి బుసకొడుతోంది. మా ముసలాయన నెమ్మదిగా అన్నాడు, "పొద్దుటిది పొయ్యరాదె, పసి పోరలు."

"చుట్టాలకు పల్చటిది పోస్తరా? నీకు మర్యాద ఏం తెలుసు" అని ఆయన నోరు మూయించి నిన్నటి కుండ ఎత్తాను.

ఇక్కడ మా గూడెం పద్ధతి ఒకటి చెప్పాలి. మేం ఆకు దొప్పలో తాగుతాం. మొదటి చుక్క పెద్దలకని నేల మీద పోసి, తర్వాత చుట్టానికి పోస్తాం. చాలనుకున్న చుట్టం దొప్పను మడిచి పక్కన పెడతాడు. మడవలేదంటే ఇంకా కావాలని అర్థం. నోటితో అడిగే పని లేదు, చెప్పే పని లేదు.

మిగతా పిల్లలు మూతి తడుపుకుని, మా ముసలాయనను చూసి దొప్పలు మడిచి పక్కన పెట్టేశారు. లావణ్య అని పెనుబల్లి పిల్ల అసలే వద్దని దండం పెట్టింది. దీనికెంత పొగరు అనుకున్నాను. నా గోడకు రంగేసిన శ్రావణ్ మాత్రం నాకు తెగ నచ్చాడు. ఖానాపురం హవేలి పిల్లగాడు, చిక్కుడు తీగలా సన్నగా ఉంటాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పోసినదల్లా తాగేశాడు. ఖాళీ దొప్ప చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూశాడు. పాపం, దాహం తీరలేదనుకుని మళ్లీ పోశాను. మళ్లీ తాగాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగకపోయినా పోసేది అవ్వ.

కాసేపటికి నా పిల్లమేకను అక్కా అని పిలిచాడు. అందరం పడీపడీ నవ్వాం. ఇంకాసేపటికి అదే చాప మీద వెల్లకిలా పడిపోయాడు. అప్పుడూ నవ్వాం.

లావణ్య నవ్వలేదు. భుజం పట్టి ఊపింది, పేరు పెట్టి పిలిచింది, గిచ్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఊపిరి మాత్రం ఆగి ఆగి వస్తోంది. ఇక గూడెంలో వైద్యాలు మొదలయ్యాయి. ముసలాయన బిందెడు నీళ్లు నెత్తిన గుమ్మరిద్దామన్నాడు. నేను చింతపండు పులుసు చెంబుతో పరిగెత్తాను.

"అవ్వా, ఆ చెంబు కింద పెట్టు" అంది లావణ్య. "నోట్లో ఏం పోసినా గొంతుకు అడ్డం పడతది."

"నిద్రపోతుండు బిడ్డా. పడుకోనియ్యి, దిగుతది."

"లేపితే లేస్తే అది నిద్ర. లేవకుంటే దవాఖానా. మా చిన్నాయనను గిట్లనే పడుకోనియ్యండన్నరు. పొద్దుగాల లేవలే."

నా చేతిలో చెంబు దానంతటదే కిందికి దిగింది.

ఆ పిల్ల వాణ్ని పక్కకు తిప్పి, మోకాలు మడిచి, వాంతి వస్తే బయటికే పోయేట్టు పడుకోబెట్టింది. పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉంది. సారుకు తెలిస్తే తంతాడని మగపిల్లలు గుసగుసలాడుతుంటే, "తన్నులు తినాలన్నా బతికుండాలె కదరా" అంది. మా గూడెంలో ఫోను పలికేది మా మేకల కొట్టంలోనే. నేను మేకల మధ్య నిలబడి, లావణ్య నొక్కి ఇచ్చిన ఫోనులో 108కి మొర పెట్టుకున్నాను. ప్రతి మాటకూ ఒక మేక వంత పాడింది. అవతలి మనిషి అడిగాడు, "అమ్మా, పేషెంటు మనిషేనా?"

బండి వాగు దాకానే వచ్చింది. నా నులక మంచం మీద పిల్లగాణ్ని మోసుకెళ్లాం. అతిథి దేవుడంటారు. నేను అతిథిని ఏకంగా దేవుడి దగ్గరికే సాగనంపుతున్నానని దారంతా ఏడ్చాను. దవాఖానాలో సెలైను ఎక్కించారు. పొద్దు వాలే వేళకు వాడు కళ్లు తెరిచాడు. నన్ను చూసి మొదట అన్న మాట ఇది: "అవ్వా, ఏమనుకోకు. ఇంక తాగలేను."

"దొప్ప మడిచి ముందే చెప్పొద్దా బిడ్డా?"

"మడవాలని నాకేం ఎరుక అవ్వా? దొప్పల మిగిలిస్తే నువ్వు బాధపడతవనుకున్న."

వాడు నా కోసం తాగాడు, నేను వాడి కోసం పోశాను. మర్యాదలు రెండూ కలిసి మనిషిని మంచం ఎక్కించాయి.

ఆ వారమే వాళ్లమ్మ నన్ను ఖానాపురం హవేలికి భోజనానికి పిలిచింది. తిట్టడానికే అనుకుని, తిట్లు మోయడానికి సిద్ధపడి పోయాను. ఆమె పీట వేసి కూర్చోబెట్టింది. పులిహోర పెట్టింది. తిన్నాను. మళ్లీ పెట్టింది. గారెలు వేసింది. పొట్ట డోలులా బిగిసింది. చాలని చెబుదామని పళ్లెం అంచు రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి మడిచాను. స్టీలు పళ్లెం, మడతపడితే కదా. ఆమె ఇంకో గారె వేసింది.

శ్రావణ్ తలుపు దగ్గర నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అవ్వా, నోటితో చెప్పొచ్చు."

అందుకని ఆ గారెల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను, మా పెద్దలూ ఆ పిల్లమేకా సాక్షి. కాలేజీ పిల్లలు నా గడప తొక్కితే చుక్క కల్లు పొయ్యను, మజ్జిగే పోస్తాను. ఆ మజ్జిగైనా సరే, చాలా, ఇంకా కావాలా అని నోరు తెరిచి అడిగాకే రెండో చెంబు వంచుతాను.