టైర్ల కొట్టు మీది బడి

ఆ నాలుగంతస్తుల బిల్డింగులో ఉండే తెలుగువాళ్లందరికీ ఆయన బాబాయి, ఆవిడ పిన్ని. ఎవరికి ఏ వరసలో అవుతారని ఎవరూ ఆరా తీయలేదు. బాబాయి సోఫాలూ బీరువాలూ ఇళ్లకి చేరవేసే వ్యాను నడిపేవాడు. పిన్ని పెద్దాసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. దేశంకాని దేశం వచ్చిన కొత్తలోనే ఇద్దరూ పనులు పంచేసుకున్నారు. వంట ఇద్దరిదీ, మాట మాత్రం బాబాయిది.

మాట అంటే ఇంగ్లీషు. బ్యాంకుకి వెళ్లినా, ఇంటి ఓనరు తలుపు తట్టినా, కొట్లో కుళ్లిన టమాటాలు అంటగట్టినా ముందుకొచ్చేది బాబాయి గొంతే. పిన్ని ఆయన మోచేతి వెనక నిలబడి తెలుగులో అందించేది. ఆయన దాన్ని ఇంగ్లీషులో అవతల పడేసేవాడు. ఒకసారి పిన్నికి పన్ను నొప్పి చేసింది. ఎక్కడ, ఎప్పట్నుంచి, చల్లటిది తగిలితేనా వేడిదా అని డాక్టరు అడుగుతుంటే బాబాయి తన దవడే పట్టుకుని, కళ్లు మూసుకుని, బాధంతా అభినయించి చెప్పాడు. పాపం ఆ డాక్టరు ఆయన్నే కుర్చీలో పడుకుని నోరు తెరవమన్నాడు. ఈ సంగతి బిల్డింగులో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పిన్నే.

పనిచోట పిన్నికి భాషతో అవసరమే పడలేదు. ఆ మిషన్ల రొదలో ఎవరి భాషా ఎవరికీ వినపడదు. అరచెయ్యి చూపిస్తే ఆగమని. రెండు వేళ్లు ఆడిస్తే దగ్గరికి రమ్మని. ఊరికే ముక్కు రుద్దుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని. దుప్పటికి అటు కొస పట్టుకునే ఆవిడది ఏ దేశమో పిన్నికి తెలీదు, కానీ ఆవిడకి అల్లుడంటే పడదని మాత్రం తెలుసు. అదెలా తెలిసిందని బాబాయి అడిగితే, "దుప్పటి లాగే తీరులో తెలీదుటండీ!" అనేది.

ఒకరోజు మిషన్లన్నీ ఒక్కసారే ఆపేసి సూపర్‌వైజరు అందరినీ గుండ్రంగా నిలబెట్టాడు. ఆయన చెప్పింది పిన్నికి తలాతోకా అర్థం కాలేదు. సాయంత్రం బాబాయి ఆయనకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఉతుకుడు పని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నారట. కావాలన్నవాళ్లని పైన వార్డుల్లోకి తీసుకుంటారట. రోగులకి అన్నం తినిపించడం, ఒళ్లు తుడవడం, పట్టుకుని నడిపించడం, అదీ పని. కాకపోతే చలికాలం మొదలవగానే హెడ్ నర్సు ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడుతుందట. మాట్లాడగలిగినవాళ్లకే చోటు.

"నేనొస్తాగా, ఎందుకంత దిగులు?" అన్నాడు బాబాయి.

"మీరా? రోగులకి మీరు తినిపిస్తారా?"

"అది కాదోయ్. ఆ నర్సమ్మతో మాట్లాడ్డానికి."

"ఒక్కరినే రానిస్తారని మీరేగా చెప్పారు."

బాబాయి గెడ్డం గోక్కున్నాడు. "వదిలెయ్, ఇంకోచోట చూద్దాం. గిన్నెలు కడిగే పని ఎక్కడైనా దొరుకుతుంది. దానికి నోరక్కర్లేదు."

"నాకు పైకి వెళ్లాలనుందండీ," అంది పిన్ని. "ఇన్నేళ్లూ వాళ్ల దుప్పట్లే చూశాను. మనుషుల్ని చూడలేదు."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం బాబాయికి గుర్తులేదు.

ముందు ఇంట్లోనే నేర్పుతానన్నాడు. రెండు సాయంత్రాలు గడిచేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. "నీ పేరేంటని ఇంగ్లీషులో అడిగితే పేరు చెప్పాలిగానీ ఆ నవ్వేంటి?"

"మీరు నా పేరు అడుగుతుంటే నవ్వు రాదుటండీ?"

దాంతో బాబాయి సెలవు రోజున వ్యాను తీసి పిన్నిని బడుల వేటకి బయల్దేరదీశాడు. బేరం తెలిసిన మనిషి కాబట్టి దారంతా పాఠం చెప్పాడు. "నువ్వేం మాట్లాడకు. నచ్చినట్టు మొహం పెట్టకు. ఫీజు పెంచేస్తారు."

మొదటిది అద్దాల మేడ. లోపల చెట్లు కుండీల్లో ఏపుగా ఉన్నాయి. అడక్కుండానే కాఫీ ఇచ్చారు. "తాగెయ్," అన్నాడు బాబాయి మెల్లిగా, "దీని ఖరీదు ఫీజులో వేసే ఉంటారు." ఫీజు విన్నాక ఆయన మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

పిన్ని మాత్రం దిగలేదు. క్లాసు వదిలేదాకా ఉందామంది.

"ఎందుకు? మనం చేరటం లేదుగా."

"లోపల ఏం చెబుతున్నారో నాకెలాగూ తెలీదు. బయటికొచ్చేవాళ్ల మొహాలైతే తెలుస్తాయి."

"ఇదేమన్నా సినిమా హాలా?"

"మరి మీరు ముందాట నుంచి వచ్చేవాళ్లని ఎలా ఉందని అడక్కుండా ఎప్పుడైనా టికెట్ కొన్నారా?"

కొత్త సినిమా అంటే గేటు దగ్గర నిలబడి, ముందాట వదిలినప్పుడు జనం మొహాలు చదివి, ఒకరిద్దరి చెయ్యి పట్టుకుని అడిగి, అప్పుడుగానీ వరసలో నిలబడని మనిషి బాబాయి. ఆ అలవాటుని బడికి కూడా వాడొచ్చని ఆయనకి తట్టలేదు.

అద్దాల మేడ క్లాసు వదిలింది. మంచి బట్టలు వేసుకున్న పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ వెళ్లిపోయారు. పిన్ని పెదవి విరిచింది.

రెండోది ఫోన్లు బాగుచేసే కొట్టు వెనక గది. మూడు వారాల్లో సర్టిఫికెట్ గ్యారంటీ అన్నాడు అక్కడి మనిషి. రోజూ రానక్కర్లేదట. ఫీజు కూడా చవకే. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. పిన్ని యథాప్రకారం గుమ్మం పక్కన నిలబడింది. ఎంతసేపటికీ ఎవరూ బయటికి రాలేదు. లోపలికి ఎవరూ వెళ్లుంటేగా!

"చేతిలో సర్టిఫికెట్ ఉంటుందోయ్, ఆలోచించు," అన్నాడు బాబాయి.

"నర్సమ్మ ముందు అదేమన్నా మాట్లాడుతుందా?"

మూడోది టైర్ల కొట్టు పైన. మెట్ల పొడుగునా రబ్బరు వాసన. పైకెళ్లేలోపే క్లాసు వదిలారు. పదిమందీ ఒకేసారి ఆ ఇరుకు మెట్ల మీదికి వచ్చిపడ్డారు. జుట్టులో ఇంకా పిండి ఉన్న రొట్టెల బట్టీ ఆయన, చంకలో బిడ్డనేసుకున్న ఒక అమ్మాయి, కర్ర పట్టుకున్న ముసలాయన. ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోతూ, వచ్చీరాని ఇంగ్లీషులో గొంతు చించుకుంటున్నారు. ముసలాయన కర్ర పైకెత్తి మరీ వాదిస్తున్నాడు.

పిన్ని గోడకి ఆనుకుని దారిచ్చింది. "ఏంటండీ ఆ గొడవ? డబ్బు గొడవా?"

బాబాయి చెవి ఒగ్గి విన్నాడు. "కాదు. చేపలు నిద్రపోతాయా పోవా అని."

పిన్ని కళ్లు పెద్దవయ్యాయి. ఇంగ్లీషంటే అద్దెకీ, మందులకీ, క్షమించండి అనడానికీ ఉన్న భాషని ఆవిడ అనుకుంటూ వచ్చింది. "దాని గురించి కూడా కొట్టుకోవచ్చా ఇంగ్లీషులో!" అంది, గుళ్లో మాట్లాడినంత నెమ్మదిగా. వాళ్లు కింద వీధి మలుపు తిరిగేదాకా ఆ గొడవ వింటూ నిలబడి, "ఇదేనండీ," అంది.

చేరాలంటే చిన్న పరీక్షన్నారు. బల్ల వెనక కుర్రగుమాస్తా తల ఎత్తకుండా, మీరేం పని చేస్తారో చెప్పండన్నాడు. బాబాయి అలవాటు ప్రకారం పిన్ని వైపు వంగాడు. పిన్ని అలవాటు ప్రకారం తెలుగులో అందుకుంది. తడి దుప్పటి బరువెంతో, వేడి దుప్పటి చేతికెలా అంటుకుంటుందో, ఆవిరిలో ఎదుటి మనిషి ఎలా మాయమైపోతుందో చెప్పుకుంటూ పోయింది. బాబాయి కూడా మాటకి మాట ఇంగ్లీషులో అందిస్తూ, మధ్యలో చేతులు తిప్పుతూ పోయాడు. గుమాస్తా రాయడం ఆపి విన్నాడు. చాలా బాగుంది, పైతరగతిలో కూర్చోండన్నాడు. బాబాయి డబ్బు కట్టేసి, ఇద్దరూ సంబరంగా వ్యానెక్కారు. సగం దారి వచ్చాక ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడుగానీ పరీక్ష ఎవరు పాసయ్యారో ఇద్దరికీ తట్టలేదు.

మొదటి రోజు పిన్ని క్లాసు నుంచి దిగి వచ్చి వ్యానులో కూలబడింది.

"ఏమైనా అర్థమైందా?"

"టీచరుకి మోకాళ్ల నొప్పులని అర్థమైంది."

"చెప్పిందా?"

"లేదు, చూశాను."

బాబాయి పరుగున పైకెళ్లి గుమాస్తాని బతిమాలాడు. కింది తరగతులన్నీ నిండిపోయాయట. మళ్లీ చేర్చుకునేది చలికాలం సగమయ్యాకే. కట్టింది తిరిగి రాదు. బాబాయి కిందికి వచ్చి స్టీరింగు మీద చెయ్యేసి, "నా నోరే నీ కొంప ముంచింది," అన్నాడు.

"మునగనీండి," అంది పిన్ని. "ఆ గదిలోనే కూర్చుంటాను. టీచరు నా కుర్చీని మూలనుంచి తీసుకొచ్చి తన ఎదురుగా వేసింది. అంత నొప్పితో తనే మోసింది. ఇప్పుడు మానేస్తే ఏం బావుంటుంది?"

వానలు పడ్డాయి. పిన్ని వారానికి మూడు సాయంత్రాలు ఆ మెట్లెక్కేది. బాబాయి ఏమీ అడిగేవాడు కాదు, ఏం వినాల్సి వస్తుందోనని భయం. కూరలు తరుగుతూ ఆవిడ పెదాలు కదిపేది. ఆయన చూస్తే ఆపేసేది.

ఒక సాయంత్రం వాన దంచేస్తోంది. క్లాసు వదిలే వేళైనా ఎవరూ కిందికి రాలేదు. గొడుగు తీసుకుని బాబాయి మెట్లెక్కాడు. తలుపు ఓరగా ఉంది. లోపల రోజూ ఉండే గొడవ లేదు. ఆ తగువుల మూకంతా బొమ్మల్లా కూర్చున్నారు. ముందు నిలబడి ఉన్నది పిన్ని.

ఇంగ్లీషులో మాట్లాడుతోంది. మాటలు ఒక్కోటీ దూరం దూరంగా, ఏరు దాటేవాళ్లు రాయి చూసుకుని అడుగేసినట్టు పడుతున్నాయి. దుప్పటి గురించే చెబుతోంది. ఉతక్కముందు నేను చూస్తాను, అంటోంది. ఒక్కో దుప్పటికి అంచు దగ్గర ముడతలుంటాయి, గట్టిగా, గుప్పెడంత. అది ఒక మనిషి చెయ్యి. రాత్రంతా పట్టుకున్న చెయ్యి. ఆ ముడత ఉతికితే పోదు, ఇస్త్రీలో కూడా ఒక పట్టాన పోదు. నేను మెల్లిగా చేత్తో సాపు చేస్తాను. ఆ మనిషి ఇంటికెళ్లిందో, లేదో, నాకెవరూ చెప్పరు.

అక్కడ మాట దొరక్క ఆగిపోయింది. ఎవరూ అందివ్వలేదు. ముసలాయన కర్ర మీద గెడ్డం ఆనించి ఎదురుచూస్తున్నాడు. చంటిబిడ్డ కూడా కిక్కురుమనలేదు. చివరికి ఆవిడే వెతుక్కుని, "ఐ వాంట్ టు సీ ద ఫేస్," అంది.

బాబాయి తడిసిన గొడుగు పట్టుకుని గుమ్మం అవతలే ఉండిపోయాడు. పని ఎలా ఉందని ఎన్ని సాయంత్రాలు అడిగుంటాడు! "ఏముంది, దుప్పట్లేగా," అనేది. ఈ మాట తెలుగులో తనతో ఎందుకు అనలేదో? తను అందించడానికి తొందరపడ్డాడేమో. ఆ గొంతు కూడా ఆయనెరిగింది కాదు. మోచేతి వెనకనుంచి వచ్చే సన్నటి గొంతు కాదది, లోతుగా, నింపాదిగా, ఎవరి కోసమూ తొందరపడని గొంతు. పక్కనే ఇన్నేళ్లు పడుకున్న మనిషిలో ఇంత పెద్ద గది ఉందని ఆయనకి తెలీదు. చాలా ఏళ్ల తర్వాత, పిన్ని చనిపోయాక, బాబాయి ఆవిడ గురించి తక్కువే మాట్లాడాడు. మాట్లాడినప్పుడల్లా ఆ గొంతు దగ్గరికే వచ్చి ఆగేవాడు.

ఆరోజు చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి వ్యానులో కూర్చున్నాడు. ఆవిడ వచ్చి, "అయ్యో, మీరెలా తడిశారండీ?" అంది. "అద్దం తెరిచి మర్చిపోయానోయ్," అన్నాడు.

చలి మొదలైంది. హెడ్ నర్సు పిలిచిన రోజున ఇద్దరూ ఆసుపత్రి మూడో అంతస్తు నడవాలో బెంచీ మీద కూర్చున్నారు. పిన్నికి ముందు వెళ్లింది దుప్పటికి అటు కొస పట్టుకునే ఆవిడే. వెళ్లినంతలోనే బయటికి వచ్చేసింది. పిన్నిని చూసి అరచెయ్యి అడ్డంగా ఊపి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లు ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

బాబాయి గోడమీది గడియారం వంక చూడకూడదనుకున్నాడు. మందుల బండి ఒకటి ఆయన్ని దాటి వెళ్లింది. తలుపు వెనక నర్సు గొంతు, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మాట దొరకలేదు కాబోలు. ఆయన పెదాలు వాటంతటవే కదిలాయి, ఏ మాట కావాలో తెలీకుండానే. ఆ తర్వాత ఆ నింపాది గొంతు మొదలైంది. గోడ అడ్డం ఉండి మాటలు తెలియలేదు, గొంతు తెలిసింది.

పిన్ని బయటికి వచ్చింది. మొహం చూసి బాబాయి ఏమీ పోల్చుకోలేకపోయాడు. వ్యాను దగ్గరికి వెళ్లేదాకా ఆగి, "ఏమంది?" అన్నాడు.

"సోమవారం రమ్మంది. ముసలివాళ్ల వార్డు."

బాబాయి వ్యాను మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఏం అడిగింది?"

"రాత్రిపూట ఒక పెద్దావిడ ఇంటికి పోతానని ఏడుస్తుంది, ఏం చేస్తావంది."

"ఏం చెప్పావు?"

"ఏడవొద్దు అననని చెప్పాను. పక్కన కూర్చుని, మీ ఇంటి గుమ్మం ఎటు వైపని అడుగుతానన్నాను. లోపలికి వెళ్లగానే ఏముంటుంది, వంటగదికి కిటికీ ఉందా, అందులోంచి ఏం కనపడుతుంది, ఇలా ఒక్కో గదీ అడుగుతానన్నాను. చెబుతూ చెబుతూ ఆవిడ ఇల్లంతా తిరిగి వస్తుంది. అప్పుడు మంచం మీద పడుకుంటుందన్నాను."

తనైతే ఏం చెప్పేవాడో బాబాయి ఆలోచించి చూశాడు. డాక్టరుని పిలుస్తానని చెప్పేవాడు.

"ఇదంతా ఇంగ్లీషులోనే చెప్పావా?"

"మరి? ఆవిడకి తెలుగు రాదుగా," అంది పిన్ని, తలుపు తీసుకుని వ్యానెక్కుతూ. "పదండి, నా దుప్పటికి అటు కొస పట్టుకునే ఆవిడింటికి వెళ్దాం. పాపం ఏడుస్తూ వెళ్లింది. దుప్పట్లు పోయాయి సరే, తనని కూడా మా టీచరు దగ్గర కూర్చోబెడితే సరి."