మత్తులో ఉన్నవాళ్లతో మాట్లాడిన డాక్టరు

గత ఆదివారం ఉదయం కోరుట్లలో డ్యూటీకి బయలుదేరుతుండగా జగిత్యాల నుండి ఫోను వచ్చింది. డాక్టర్ వెంకటనర్సయ్య గారి కూతురు మాధవి. “అక్కా, బాపు ఇగ లేడు. నిద్రల్నే పోయిండు” అన్నది. తొడుక్కున్న చెప్పులు గుమ్మంలోనే విప్పేశాను. ఎందరినో నిద్రపుచ్చి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి మేల్కొలిపిన ఆ పుణ్యమూర్తి తాను మేల్కొనలేదన్న మాటను నా మనసు చాలాసేపు అంగీకరించలేదు.

ఆయన మా ప్రాంతపు మత్తు డాక్టరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఎక్కడ శస్త్రచికిత్స ఉంటే అక్కడికి తన పాత కారులో వచ్చేవారు. ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఆ ఊళ్లన్నిటిలో పద్దెనిమిదేళ్లు ఆయన పక్కన నిలబడే భాగ్యం నాకు దక్కింది. మొదటి రోజే ఒక వింత చూశాను. పూర్తిగా స్పృహ తప్పిన రోగి చెవి దగ్గరికి వంగి, “లక్ష్మక్కా, అంత మంచిగనే నడుస్తున్నది. నేనీన్నే ఉన్న” అంటున్నారు. నాకు నవ్వాగలేదు. “సారూ, ఆమెకు ఇనవడ్తదా?” అని అడిగాను.

“చెవి నిద్రపోదు బిడ్డా. సప్పుడు మెదడు దాకా పోతనే ఉంటది. కాని మెదడుల ఒక జాగ ఇంకో జాగతోని మాట్లాడుకోదు. గందుకే గా సప్పుడుకు అర్థం దొరకది, లేసినంక యాదికుండది. మందు జర పలచనైతే మాత్రం మాట మాటలెక్కనే ఇనవడ్తది. ఎవలకు ఎంత ఇనవడ్తదో మనమేం గ్యారంటీ ఇస్తం?”

ఆ జాగ్రత్త వెనుక ఒక గాయం ఉన్నదని తరువాత ఆయనే చెప్పారు. వైద్యవృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఒక ఊరి ఆసుపత్రిలో బీడీలు చుట్టే ఒకామెకు కాన్పు ఆపరేషన్ జరిగింది. లోపలి శిశువు క్షేమం కోసం మత్తు తేలికగా ఇచ్చారు. బిడ్డ బయటపడగానే థియేటర్లో ఎవరో, “మల్లా ఆడపిల్లనే. గీమెను మొగడు ఇంట్లకు రానిస్తడా?” అన్నారు. మర్నాడు ఆమె ఈయనను నిలదీసింది. “సారూ, గా మాట అన్నదెవలు? నేనిన్న. కండ్లు దెరుద్దమంటే తెరువరాలే.”

కప్పిపుచ్చుకోవడం సులభం. కలగన్నావని అంటే సరిపోయేది. కాని ఆయన మంచం పక్కన చేతులు జోడించి, “కల కాదక్కా. నువ్వు ఇన్నది నిజం. తప్పు నాది” అన్నారట. ఆమె పసిపాపను దగ్గరికి తీసుకుని, “ఇంకోలకు గిట్ల కానియ్యకు” అన్నదట. ఆ ఒక్క వాక్యమే ఆయన జీవితానికి ఆదేశమైంది. రోగి ముఖం మీద అనలేని మాట ఆయన ఉన్న థియేటర్లో ఎవరూ అనరాదు. ఆపరేషన్ మర్నాడు ప్రతి రోగినీ “నిన్న ఏమన్న ఇన్నవా?” అని అడగకుండా ఆయన ఇల్లు చేరేవారు కాదు.

సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్మికుడి కడుపు తెరిచిన సర్జన్, “ఇగ లాభం లేదు, ఇతను...” అనబోయారు. సారు చెయ్యెత్తి ఆపారు. “డాక్టర్ సాబ్, గా ముచ్చట బయట మాట్లాడుకుందం. మనిషి ఈన్నే ఉన్నడు.” అందరి ముందూ అడ్డుకున్నందుకు ఆ సర్జన్ మండిపడి, వేరే మత్తు డాక్టరును పెట్టుకున్నారు. సారు దిగులు పడలేదు. కొన్ని నెలల తరువాత ఆ సర్జన్ తల్లికే ఆపరేషన్ అవసరమైంది. ఫోన్ చేసి ఒకే మాట అన్నారట: “అన్నా, మా అమ్మ చెవుల నువ్వే మాట్లాడాలె.” సారు వెంటనే వెళ్లారు. ఆ తల్లి క్షేమంగా ఇల్లు చేరింది.

ఆయన చేసిన చివరి కేసు నిరుడు జగిత్యాలలో. గాల్‌బ్లాడర్‌లో రాళ్లతో వచ్చిన సారంగాపూర్ రైతు కళ్లు తెరుస్తూనే, “సారూ, ఆపరేషన్ ఎప్పుడు జేస్తరు?” అన్నాడు.

“అయిపాయె పెద్దన్నా!”

“అయిపాయెనా? నాకేం దెల్వనే తెల్వదు!”

సారు మాస్కు దించి మనసారా నవ్వారు. “గీ మాట ఇనెటందుకే బిడ్డా నేను గిన్నేండ్లు పని జేసింది” అన్నారు నాతో.

గుర్తుండకపోవడమే ఆయన విద్యకు సాఫల్యం. ఆ స్వరాన్ని మెలకువతో విన్నవాళ్లం మేము కొద్దిమందిమే. కనుక మీకు చెప్పవలసింది మేమే. ఈ ఊళ్లలో ఆపరేషన్ అయి, ఒంటి మీద పాత కుట్టు ఉన్న ఓ అన్నా, ఓ అక్కా! మీరేమీ ఎరగని ఆ గంటలో ఒకాయన మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తూ మీ తల దగ్గరే నిలబడి ఉన్నారు. ఆయనకు ఒకసారి చేతులెత్తి మొక్కండి.