పన్నెండు గంటల టిక్కు

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరన్నా మొదలుపెడితే ముఖం మీదే నవ్వేదాన్ని. మాది నేలకొండపల్లి. పంతొమ్మిదేళ్లుగా కాన్పుల వార్డులో నర్సును. భద్రాచలం అడవి అంచున ఉన్న మా దవాఖానాలో మందు కొలత తప్పని చెయ్యి నాదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ రోజు జోగమ్మ అనే అమ్మాయికి తొలి కాన్పు. నెలలు నిండి పదిరోజులైనా నొప్పుల్లేవు. డాక్టరమ్మ మాత్ర రాశారు. ఆ మాత్ర అట్ట మీద కడుపులో పుండుకని ఉంటుంది, కాన్పు మాటే ఉండదు. అయినా నొప్పులు తెప్పించడానికి దాన్నే వాడతాం. సీసా నీళ్లలో కరిగించి, రెండు గంటలకోసారి కొలిచి తాగిస్తాం. ఎక్కువైతే గర్భసంచి చిరిగిపోవచ్చు. అందుకే సీసాకు ప్లాస్టర్ అంటించి, ఇచ్చినప్పుడల్లా టైము రాసి టిక్కు పెడతాను.

ఎనిమిదికి, పదికి ఇచ్చాను. పన్నెండుకి పక్క గదిలో ఇంకో కాన్పు. అది ముగించి, చేతులు కడుక్కుని వచ్చేసరికి పన్నెండుంబావు.

సీసా తీస్తే, ప్లాస్టర్ మీద పన్నెండు అని రాసి టిక్కు ఉంది. నా రాతే. కానీ మందు ఒక్క చుక్క తగ్గలేదు.

"ఇప్పుడే వచ్చినవ్ గద సిస్టరమ్మా," అంది జోగమ్మ తల్లి. "మందైతే పొయ్యలే. బిడ్డ కడుపు మీద చెయ్యి పెట్టి శానసేపు నిలబడ్డవ్. ఇగ వద్దనుకుంట రాసి పోయినవ్."

"ఏంది పెద్దమ్మా, నేను గా గదిల ఉంటిని గద!" అని కసిరాను.

జోగమ్మ తలూపింది. "అవ్ అక్కా, నువ్వే. చెయ్యి తడిగుండె."

నా చేతులింకా తడిగానే ఉన్నాయి.

ఇచ్చారో లేదో అనుమానముంటే మందు ఇవ్వకూడదు, అది నా పద్ధతి. సీసా పక్కన పెట్టి కడుపు మీద చెయ్యి వేశాను. రాయిలా బిగిసింది, సడలడం లేదు. ఆ పిల్ల పంటిబిగువున ఓర్చుకుంటోంది. లోపల బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. పరుగెత్తి డాక్టరమ్మను పిలిచాను. ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డా దక్కారు.

"ఇంకో కొలత పడితే ఇద్దరూ పోయేవాళ్లు," అన్నారావిడ.

పన్నెండుకి నేను పక్క గదిలోనే ఉన్నాను, నాతో ఉన్న ఆయా సాక్ష్యం. ఆ ప్లాస్టర్ ముక్క నా డైరీలో దాచాను. ఎన్నిసార్లు చూసినా రాత నాదే.

ఒక్కటి దాచను. రద్దీ రోజుల్లో నేను గడియారం చూసి మందు పోసేదాన్ని, కడుపు తాకి చూసేదాన్ని కాదు. ఆ టిక్కు లేకపోతే ఆ రోజూ అంతే చేసేదాన్ని. వచ్చిందెవరో ఇప్పటికీ చెప్పలేను. నాకంటే మంచి నర్సని మాత్రం ఒప్పుకుంటాను.